నాలుగు పెద్ద వాల్వులు

బండి జారిన అయిదో రోజు పొద్దున దుకాణం షట్టరు ఎత్తేటప్పటికి లెక్కలాయన దగ్గర ఉన్నవి ఇవి. ముందువైపు ఇంజను విడిభాగాల దుకాణం. వెనకవైపు రేకుల షెడ్డు, అందులో తమ్ముడు. మధ్యగదిలో మంచం మీద, మోకాలి నుంచి మడమ దాకా సిమెంటు కట్టుతో బావ. ఆ మంచం పక్కన చాప మీద, అయిదు రోజులుగా తమ్ముడి ముఖం చూడని చెల్లెలు. ఇవి కాక, ఎవరికీ చూపించని మాట ఒకటి. మిగతావన్నీ కళ్ళకు కనిపించేవే.

ఊళ్ళో అతన్ని లెక్కలాయన అంటారు. మెట్లెక్కినా లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాడని. కూరలో ముక్కలు కూడా లెక్కపెడతాడని అతని భార్య అంటుంది కానీ అది వేరే సంగతి.

"అన్నయ్యా, ఆ షెడ్డు తాళంచెవి నాకియ్యి."

వెనక్కి తిరిగి చూశాడు. చెల్లెలు గడప మీద నిలబడి ఉంది. జుట్టు దువ్వుకోలేదు.

"తాళంచెవి ఎందుకమ్మా?"

"మా బండి హెడ్డు లోపలుంది. బైపాసు దాటాక ఆ పెద్ద వర్క్‌షాపు ఉంది కదా, అక్కణ్ణుంచి ఇవాళ మనిషి వస్తాడు. ఇచ్చి పంపించేస్తాను. వాడి చేతిలో అది ఇంకో గంట కూడా ఉండటానికి వీల్లేదు."

వాడు అంటే తమ్ముడే. ఊరంతా అతన్ని ఆకురాయి అని పిలుస్తుంది. జేబులో దువ్వెన ఉండాల్సిన చోట అతనికి చిన్న ఆకురాయి ఉంటుంది. చెల్లెలు చిన్నప్పటి నుంచీ అతన్ని బుజ్జోడు అని పిలిచేది. అయిదు రోజుల నుంచి ఆ పేరూ లేదు, ఈ పేరూ లేదు.

"షెడ్డుకు తాళం వెయ్యలేదమ్మా. వాడు అక్కడే పడుకుంటున్నాడు."

ఆమె ఏదో అడగబోయి, మానేసింది.

"పడుకోనీ," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంజనుకు ఊపిరి దాని నెత్తిన ఉండే హెడ్డులో ఉంటుంది. గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వెళ్ళే దారులూ, ఆ దారుల్ని తెరిచి మూసే వాల్వులూ అందులోనే. ఆ దారులు చెక్కి, వాల్వులు మార్చి, అదే ఇంజను చేత ఎక్కువ బరువు లాగించడంలో ఆకురాయిది పేరున్న చెయ్యి. బావది సరుకుల బండి. కొండ మీది దుకాణాలకు పిండి, ఉప్పు, సబ్బుల బస్తాలు మోస్తుంది. ఏటవాలులో ఎక్కలేకపోతోందంటే ఆ బండి హెడ్డు చెక్కి, పెద్ద వాల్వులు వేసి, "ఇంక కొండేంటి బావా, గోడైనా ఎక్కుతుంది" అని అప్పగించింది ఈ ఇల్లే. అలా అన్నది లెక్కలాయనే.

మర్నాడే ఆ బండి మూడో మలుపు దగ్గర నిండు బస్తాలతో వెనక్కి జారింది. లోయ వైపు పోకుండా బావ దాన్ని గట్టు వైపు తిప్పాడు. బండికి సొట్ట పడింది. బావకు కాలు విరిగింది.

పది గంటలకు టాక్సీ నడిపే ఆయన వచ్చాడు. పోయిన వారం తన కారు హెడ్డు ఆకురాయి చేతికిచ్చి, నెల పట్టినా ఫరవాలేదు, నువ్వే చెయ్యాలి అని బతిమాలి వెళ్ళిన మనిషి. ఇప్పుడు బల్ల మీదున్న బేరింగు తీసి తిప్పుతున్నాడు, పెడుతున్నాడు, మళ్ళీ తిప్పుతున్నాడు.

"ఆ హెడ్డు... ఇంకా మొదలెట్టకపోతే తీసుకుపోదామని."

"ఏం, తొందరేమన్నా వచ్చిందా?"

"అబ్బే, తొందరేం లేదు. కాకపోతే ఇంట్లో..."

"ఇంట్లో ఏమైంది?"

"ఏం కాలేదు. ఏం కాకూడదనే."

ఆకురాయి షెడ్డులోంచి ఆ హెడ్డును గోనెసంచిలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వచ్చిన మనిషిని కాఫీ తాగావా అని అడిగాడు. తాగానన్నాడు. సరేనని వెనక్కి వెళ్ళిపోయాడు. అంతే. టాక్సీ ఆయన గోనెసంచి ఎత్తుకుని, ఎవరో తరుముతున్నట్టు మెట్లు దిగాడు.

ఈ అయిదు రోజుల్లో వెనక్కి వెళ్ళిన హెడ్లలో అది మూడోది. పద్నాలుగేళ్ళు కూడబెట్టిన పేరు మూడు గోనెసంచుల్లో వెళ్ళిపోయింది. ఆ పేరు తమ్ముడిది. పోగొట్టింది ఎవరో తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకడు షెడ్డులో ఉన్నాడు. ఇంకొకడు బల్ల మీదున్న బేరింగును దాని డబ్బాలో పెడుతున్నాడు.

మధ్యగదిలో బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నొప్పికి ముఖం పీక్కుపోయింది.

"రా బావా. కాలొకటే విరిగింది, నోరు బాగానే ఉంది. కూర్చో."

"నొప్పెలా ఉంది?"

"ఉంది. ఎక్కడికీ పోలేదు." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "బావా, నాకొకటి అర్థం కాదు. మైదానంలో ఆ బండి ఎట్లా పోయిందో తెలుసా? నలభై దాటిందంటే ఎవరో వెనక నుంచి తోసినట్టే. నా జన్మలో ఆ బండి అట్లా పరిగెత్తలేదు. చెయ్యంటే బుజ్జోడిది అనుకున్నాను. కొండ మొదలయ్యాక మూడో మలుపులో రెండో గేరు వేసి తొక్కాను. తొక్కితే గుర్రుమనాలి కదా? ఆవులించింది."

"ఆవులించడమేంటి?"

"నోరు తెరిచి, గాలి పీల్చి, ఊరుకుంది. ఇంకా తొక్కాను. ఎంత తొక్కితే అంత నీరసం. మొదటి గేరుకు మార్చేలోపే జారింది." కాలి కట్టు మీద వేలితో తట్టాడు. "మైదానంలో పులి, కొండ మీద పిల్లి. ఒకే ఇంజను అట్లా ఎందుకుంటుంది? నువ్వు ఇరవై రెండేళ్ళుగా ఇవే అమ్ముతున్నావు. నీకు తెలియాలి."

లెక్కలాయన మంచం మీది దుప్పటి సర్దాడు. "బుజ్జోణ్ణి అడుగుతాను," అన్నాడు. అని, లేచాడు.

షెడ్డులో బావ బండి హెడ్డు వెల్లకిలా బెంచీ మీదుంది. ఆకురాయి స్టూలు మీద వంగి, గాలి వెళ్ళే లోదారిలోకి చిన్న కొలతపుల్ల పెట్టి చూస్తున్నాడు. తెలిసిన కొలతే. అయినా చూస్తున్నాడు, పోయిన మనిషి ఫోటో మళ్ళీ మళ్ళీ చూసినట్టు.

"బావ అడుగుతున్నాడు. మైదానంలో పరిగెత్తిందట. కొండ మీద..."

"అరచెయ్యి పట్టు."

లెక్కలాయన చెయ్యి చాపాడు. తమ్ముడు మూతి సున్నా చుట్టి ఊదాడు.

"తగిలిందా?"

"తగిలింది."

ఈసారి నోరు బార్లా తెరిచి, అంతే ఊపిరి వదిలాడు.

"ఇప్పుడు?"

"వెచ్చగా ఉంది. తగల్లేదు."

"అదే జరిగింది. ఊపిరి ఒకటే, నోరు పెద్దది." కొలతపుల్ల పక్కన పెట్టాడు. "మైదానంలో ఇంజను వేగంగా తిరుగుతుంది. ఎంత పెద్ద దారైనా నిండా లాక్కుంటుంది. కొండ మీద బరువుతో మెల్లగా తిరుగుతుంది. అప్పుడు ఈ దారిలో గాలి నడుస్తుంది, పరిగెత్తదు. నడిచే గాలి పెట్రోల్ని మొయ్యలేదు. దారిలోనే గోడకు తడిలా అంటించేసి ఒట్టి చేతుల్తో లోపలికి వెళుతుంది. పైగా ఆ వాల్వు చూడు, దాని అంచు సిలిండరు గోడను రాసుకుంటున్నట్టుంది. ఆ పక్క నుంచి గాలి దూరనే దూరదు. ఇదంతా ఆ రోజే చెప్పాను."



ఆ రోజు తమ్ముడు ఈ బెంచీ దగ్గరే నిలబడి, పాత వాల్వులే ఉంచుదాం అన్నయ్యా, వాల్వు కూర్చునే సీటు మాత్రం మారుద్దాం అన్నాడు. లెక్కలాయన దుకాణంలోంచి నాలుగు పెట్టెలు తెచ్చి ముందు పెట్టాడు. అన్నీ పెద్ద ఇంజను వాల్వులు. రెండేళ్ళ కిందట ఎవరో తప్పు నంబరు పంపితే వచ్చి పై అరలో కదలకుండా కూర్చున్న సరుకు. కదలని సరుకు కనిపిస్తే అతనికి అన్నం సహించదు. "గుమ్మం పెద్దదైతే జనం ఎక్కువ పడతారు కదరా. ఇంటి మనిషి బండికి చిన్నవెందుకు?" అన్నాడు. అబద్ధమని తెలిసి అనలేదు. నిజమేనా అని ఆలోచించనూ లేదు. అర ఖాళీ అయిందన్న సంతోషంలో ఆ తేడా కనిపించలేదు.

"నువ్వు వాళ్ళకు చెప్పలేదు," అన్నాడు లెక్కలాయన.

"ఏమని?"

"నేను బలవంతపెట్టానని."

"నేనెందుకు చెబుతాను? నువ్వు వాల్వులిచ్చావు. కోసింది నేను. వద్దని తెలిసీ కోసింది నేను." ఆకురాయి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఏం తెలియని చెయ్యి తప్పు చేస్తే నేర్పించొచ్చు. నా చేతికి తెలుసు. దాన్నేం చెయ్యాలో నాకు తెలియట్లేదు."

"అన్నానికి లోపలికి రా."

"ఇక్కడికి పంపించు."

మధ్యాహ్నం వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. లెక్కలాయన, చెల్లెలు తింటున్నారు. భార్య వడ్డిస్తోంది. నాలుగో కంచం మూతపెట్టి గట్టు మీదుంది, షెడ్డుకు వెళ్ళాల్సింది.

"ఆ వర్క్‌షాపు మనిషి నాలుగింటికి వస్తానన్నాడు," అంది చెల్లెలు. "కంపెనీ హెడ్డే తెచ్చి బిగించేస్తారట. అన్నయ్యా, ఇంకో మాట. ఆ షెడ్డు మూయించు. కొలత తెలియనివాడు ఆకురాయి పట్టుకోకూడదు. ఇంకెవరి కాలో, తలో పోకముందే మూయించు. నువ్వు మూయించకపోతే నేను ఇంక ఈ గడప తొక్కను."

"మరీ అంత మాట..."

"ఆ మలుపులో రెండు చేతుల వెడల్పు తేడా. అటు తిరిగుంటే నేను ఇక్కడ కూర్చుని అన్నం తింటూ ఉండేదాన్ని కాదు. వాణ్ణి వెనకేసుకురాకు."

లెక్కలాయన ముద్ద కలిపాడు. కలిపిందే కలిపాడు.

"మూయించడం సంగతి తర్వాత చూద్దాం వదినా," అంది భార్య గరిటె పక్కన పెట్టి. "ఏమండీ, దుకాణంలో పై అరలో, కుడివైపు చివర, నాలుగు పెట్టెలుండేవి. రెండేళ్ళుగా వాటి దుమ్ము తుడుస్తున్నాను, చుట్టరికం కలిసిపోయింది. పొద్దున తుడుద్దామంటే లేవు. వెళ్ళిపోయాయా?"

"వెళ్ళిపోయాయి."

"రెండేళ్ళు ఎవరూ అడగని సరుకు. ఎవరు పట్టుకెళ్ళారు?"

ఆమెకు తెలుసని అతనికి తెలిసింది. తెలిసి, తలుపు తీసి పట్టుకుని నిలబడిందని కూడా తెలిసింది. దాటుకుని వెళ్ళడమో, మొహం తిప్పుకోవడమో ఇంక తన వంతు.

"బావ బండికి వేయించాను," అన్నాడు.

చెల్లెలు చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"వాటికి సరిపడేలా దారులు పెద్దవి కొయ్యమన్నది నేను. సీటు మార్చి ఊరుకుందామన్నాడు బుజ్జోడు. నేను వినలేదు."

"వద్దన్నాడా వాడు?"

"అన్నాడు."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. మూడోసారి అనబోతుంటే, వాల్వుల గురించి నాకు చెప్పేంతవాడివయ్యావా అన్నాను."

కొళాయి చుక్క చుక్క కారుతోంది. చెల్లెలు అరుస్తుందనుకున్నాడు. ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాడు. దానికి సిద్ధపడి, రెండు మూడు సమాధానాలు కూడా వరసలో పెట్టుకున్నాడు. ఆమె అరవలేదు.

"తప్పుడు సరుకు అంటగట్టావు. సరే, వ్యాపారివి, అలవాటు చొప్పున చేశావనుకుంటాను," అంది నెమ్మదిగా. "ఈ అయిదు రోజుల సంగతేంటి? వాడు నా ముందు నుంచి దొంగలా తల దించుకుని నడిచాడు. నేను మొహం తిప్పుకున్నాను. నువ్వు నన్నూ చూశావు, వాణ్ణీ చూశావు. మా ఇద్దరి మధ్యలో కూర్చుని అన్నం తిన్నావు."

లెక్కలాయన కంచం పక్కకు జరిపాడు.

"ఏమోయ్," మధ్యగదిలోంచి బావ కేకేశాడు. "ఆ నాలుగింటి మనిషిని రావద్దని చెప్పు."

"మీరు పడుకోండి," అంది చెల్లెలు.

"పడుకునే ఉన్నాను. ఇంకెంత పడుకోవాలి? కంపెనీ హెడ్డుతో ఎక్కలేకే కదా వీళ్ళ దగ్గరికొచ్చాం. మూడో మలుపు కింద సగం బస్తాలు దించి, మొదటి గేరులో పాకి, మళ్ళీ వెనక్కి రావడం. ఈ కాలుతో ఇంక నేను బస్తాలు దించలేను. ఆ మలుపు ఆగకుండా ఎక్కితే నాకు ఈ పని ఉంటుంది. ఎక్కకపోతే లేదు. నాకు ఇంకో పని రాదు. ఈసారి బుజ్జోణ్ణి వాడి బుద్ధితో చెయ్యనియ్యండి. వాడి బుద్ధితో చేసింది మనం ఇంకా చూడలేదు."

చెల్లెలు చెయ్యి కడుక్కుంది. గట్టు మీదున్న కంచం తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

వంటింటి కిటికీ నుంచి లెక్కలాయనకు కనిపించింది, వినిపించలేదు. ఆమె బెంచీ మీద కంచం పెట్టింది. ఆకురాయి తలెత్తలేదు. ఆమె ఏదో అంది. అతను తల అడ్డంగా ఆడించాడు. ఆమె నిలబడే ఉంది. చాలాసేపటికి అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు.

తిరిగొచ్చి, అన్న వైపు చూడకుండా అంది. "చేస్తానన్నాడు. కోసిన దారి మళ్ళీ చిన్నది కాదట. కంపెనీ హెడ్డు పాతదైనా ఫరవాలేదట, పగుళ్ళు లేనిది నువ్వు తేవాలట. కొలతలు తీసేటప్పుడు నువ్వు షెడ్డులో ఉండకూడదు. వాల్వులు నూరేటప్పుడు మాత్రం ఉండాలి."

"ఉండి?"

"నూరడం నీ పనట."

భార్య కొళాయి కట్టేసింది. "మంచి బేరం. ఒప్పుకోండి," అంది.

మర్నాడు పాత ఇనుము అంగళ్ళన్నీ తిరిగి, పదకొండు హెడ్లు బోర్లించి చూసి, పన్నెండోది తెచ్చాడు. ఆకురాయి దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ కోసం మనిషి ఎంత దూరమైనా తిరగొచ్చని లెక్కలాయనకు అప్పుడు తోచింది.

తలుపు మూసుకుని ఆకురాయి ఏం చేశాడో తర్వాత గాని చూడలేదు. దారుల వెడల్పు ముట్టుకోలేదు. సీటుకు కిందుగా, గాలి వంపు తిరిగే చోట, పోత పోసినప్పుడు మిగిలిన ఇనుప మెట్టు ఒకటుంటుంది. దాన్ని మాత్రం చెరిపి, వంపును నున్నగా కలిపాడు. సీటును ఒకే వాలుగా కాక మూడు వాలులుగా కోశాడు, గాలి తట్టుకోకుండా జారేలా. లోదారి గోడను అద్దంలా మెరిపించలేదు, పెట్రోలు అంటుకుపోకుండా కాస్త గరుకు ఉంచాడు. లోపలి ఒత్తిడి పెరిగేలా హెడ్డు అడుగుభాగాన్ని వెంట్రుకవాసి చెక్కించాడు. బయటి నుంచి చూస్తే ఏమీ చెయ్యలేదనిపించే పని.

"ఇంతేనా?" అన్నాడు లెక్కలాయన, నోరు జారి.

ఆకురాయి వాల్వు తలకు అంటుకునే పుల్ల ఒకటి చేతికిచ్చాడు. సీటుకు గరుకు పేస్టు పూశాడు.

"రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పు. మధ్యమధ్యలో ఎత్తి, చోటు మార్చు. ఒకే చోట నూరకు."

లెక్కలాయన తిప్పాడు. వాల్వులు వేలల్లో అమ్మినవాడు, ఒక్క వాల్వును సీటుకు కూర్చోబెట్టలేదెప్పుడూ. అరగంటకు అరచేతులు మండాయి. గంటకు బొబ్బ లేచింది.

"ఎన్నిసార్లు తిప్పాలిరా?"

"లెక్కపెట్టకు. చూడు."

చూశాడు. వాల్వు అంచున సన్నటి బూడిదరంగు వలయం పడుతోంది. ఒకచోట తెగింది. మళ్ళీ పేస్టు, మళ్ళీ తిప్పడం. సాయంత్రానికి లోదారులవీ బయటిదారులవీ కలిపి ఎనిమిదీ అయ్యాయి. ఆకురాయి హెడ్డు వెల్లకిలా పెట్టి, వాల్వుల మీద గుంటల్లో కిరోసిన్ పోసి, దారుల్లోకి టార్చి కొట్టాడు. ఏడు పొడిగా ఉన్నాయి. ఎనిమిదోదాని కింద చిన్న తడి మెరిసింది.

"అది చాలదా? చెమట పట్టినట్టుంది, అంతే," అన్నాడు లెక్కలాయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మళ్ళీ," అన్నాడు ఆకురాయి.

మళ్ళీ తిప్పాడు. బొబ్బ చితికింది. తిప్పుతూ తిప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "తప్పు నాదేరా. టాక్సీ ఆయనకు చెప్పాను. మిగతా ఇద్దరికీ రేపు చెబుతాను."

ఆకురాయి పేస్టు డబ్బాకు మూత పెట్టాడు.

"టాక్సీ ఆయన ఏమన్నాడు?"

"ఆలోచిస్తానన్నాడు."

"ఆలోచించనీ," అని, టార్చి తీసుకుని ఎనిమిదోదాని కిందికి కొట్టాడు. పొడిగా ఉంది.

బండి కొండకు బయల్దేరిన పొద్దున బస్తాలన్నీ చెల్లెలే దగ్గరుండి ఎక్కించింది. బండి జారిన రోజు ఎన్ని ఉన్నాయో అన్నే. ఒక్కటి తగ్గనివ్వలేదు. ఆకురాయి నడపడానికి కూర్చున్నాడు. ఆమె పక్కన ఎక్కింది. లెక్కలాయన ముందు తలుపు దగ్గరకొచ్చాడు.

"ఇక్కడ చోటు లేదు అన్నయ్యా. వెనక ఉంది."

"బస్తాల మీదా?"

"వాటితో పాటే."

మధ్యగది కిటికీలోంచి బావ చెయ్యి ఊపాడు. "మూడో మలుపులో కళ్ళు మూసుకోకు బావా, అక్కడే అందంగా ఉంటుంది."

ఎవరూ నవ్వలేదు. బావ కూడా నవ్వలేదు.

లెక్కలాయన వెనక్కి తిరిగి, ఉప్పు బస్తా మీద, రెండు చేతుల్తో బండి చట్రం పట్టుకుని కూర్చున్నాడు. తను అమ్మిన సరుకుతో తయారైన ఇంజను మీద ప్రాణం పెట్టి ప్రయాణం చెయ్యడం అతనికి ఇదే మొదలు. సరుకు బల్ల దాటాక దాని బాగోగులు కొన్నవాడివి. ఇరవై రెండేళ్ళూ అలాగే నడిచింది. బండి కింద రోడ్డు వెనక్కి పోతుంటే, లోయ మెల్లగా లోతవుతుంటే, కొన్నవాళ్ళందరూ ఇలాగే కదా కూర్చున్నారు అనిపించింది.

మొదటి మలుపు. రెండో మలుపు. ఇంజను గొంతు బరువెక్కింది.

మూడో మలుపులో గట్టు మీద కొత్త మట్టి ఇంకా ఎర్రగా గీరుకుని ఉంది. బండి ఏటవాలులో ముక్కు ఎత్తింది. బస్తాలు అతని వీపును నొక్కాయి. ఇంజను వేగం తగ్గింది, ఇంకా తగ్గింది. ఇప్పుడు ఆవులిస్తుంది అనుకున్నాడు. దూకాలంటే ఎటు దూకాలో చూసుకున్నాడు. ముందు గేరు మారుతున్న చప్పుడు కోసం చెవులు రిక్కించాడు.

గేరు మారలేదు.

ఇంజను ఆ తక్కువ వేగంలోనే గట్టిగా పళ్ళు బిగించినట్టు, కింద నుంచి ఒక పట్టు పట్టింది. తొందర లేదు. ఒక్కో అడుగూ లాగుతోంది, వదలడం లేదు. ఎర్ర మట్టి గీతలు అతని కళ్ళ ముందు నుంచి కిందికి వెళ్ళాయి. మలుపు వెనక పడింది. బండి రెండో గేరులోనే కొండ నెత్తికెక్కి ఆగింది.

లెక్కలాయన చట్రం వదిలి దిగాడు.

ఆకురాయి బానెట్ ఎత్తి, గుడ్డతో పట్టుకుని ఒక ప్లగ్గు విప్పాడు. దాని మొన వెలుతురులో చూశాడు. లేత గోధుమరంగు. ఇంజను తిన్నది ఒంటికి పట్టిందనడానికి అదే గుర్తు. చెల్లెలు వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ ఆ ప్లగ్గు వైపే చూస్తున్నారు.

"బుజ్జోడా, ఇంకో ఆరు బస్తాలు లాగుతుందా?"

"నాలుగు. ఆరు వద్దు."

"సరే. నాలుగే."

గీసి గీసి బేరమాడే మనిషి చెల్లెలు. కూరగాయలమ్మే వాళ్ళు ఆమెను చూస్తే తట్ట మీద గుడ్డ కప్పుకుంటారు. తమ్ముడు చెప్పిన అంకె ఎదురు చెప్పకుండా తీసుకుంది.

"కొండ కింద మా ఇంటి పక్క కొట్టం ఖాళీగా ఉంది," అంది ఆమె అదే గొంతుతో. "కరెంటుంది. ఈ రోడ్డెక్కే బండ్లన్నిటికీ మా బండి పడిన పాటే. నీ బెంచీ అక్కడ పెట్టుకో. ఏ వాల్వు వెయ్యాలో నీకు చెప్పేవాళ్ళు ఉండరు."

ఆకురాయి ప్లగ్గు మీంచి చూపు ఎత్తి అన్న వైపు చూశాడు.

లెక్కలాయనకు మాటలు గొంతు దాకా వచ్చాయి. దుకాణం ముందు, షెడ్డు వెనక, రెండూ కలిస్తేనే వ్యాపారం. అక్కడ వెలుతురు చాలదు. వానొస్తే ఆ కొట్టంలో నీళ్ళు. పనివాడికి సరుకు పక్కనే ఉండాలి. ఒక్కొక్కటీ గట్టి మాటే. వేసి చూస్తే తూకం తన వైపే మొగ్గుతుంది. తమ్ముడు కాదనలేడు. ఎప్పుడూ కాదనలేదు.

నోరు తెరిచి, మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

"నీకేం చెయ్యాలనుందిరా?" అన్నాడు.

ఆకురాయి అన్న ముఖంలోకి కాసేపు అలాగే చూశాడు, ఈ మాట వెనక ఇంకో మాట ఉందేమో అన్నట్టు. తర్వాత ప్లగ్గు బిగించాడు. చేతులు తుడుచుకున్నాడు. ఏమీ అనకుండా వెళ్ళి బండి ఎక్కాడు.

బస్తాలు దించాక బండి ఖాళీ అయింది. ముందు చోటుంది, రమ్మని చెల్లెలు సైగ చేసింది. లెక్కలాయన ఫరవాలేదని వెనకే కూర్చున్నాడు. బండి దిగుతోంది. ముందు అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటున్నారు, ఇంజను మోతలో ఒక్క ముక్కా అందలేదు.

అలవాటు ఊరుకోనివ్వదు. ఈ వారంలో వచ్చిందేమిటో లెక్క చూసుకున్నాడు. బావకు మూడో మలుపు వచ్చింది, రెండో గేరులో, ఆగకుండా, పైన నాలుగు బస్తాలు. చెల్లెలికి తమ్ముడు దొరికాడు. తమ్ముడికి తన చెయ్యి తిరిగొచ్చింది. తన వంతుకు వచ్చింది ఒక ప్రశ్న. ఇన్నేళ్ళలో తమ్ముడి ఇష్టం అడిగిన మొదటిది. దాని జవాబు ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండా బండి నడుపుతోంది.